ఎనభై టన్నుల అడుగు

పగలు బిల్లులు రాస్తాను
ఆటోనగర్‌లో, లారీ బాడీలు కట్టే షెడ్డులో.
రివెట్లు ఇన్ని, చెక్క ఇంత,
పసుపు రంగు డబ్బాలు మూడు, పాత బాకీ ఇంత.
రాత్రి పదింటికి
అదే బల్ల మీద బిల్లుబుక్కు పక్కకి నెట్టి
ఒక ఇనప మనిషికి కాళ్లు అతికిస్తాను.

ఆ మనిషి నావాడు కాదు.
ఏ దేశం వాళ్లో ఎప్పుడో గీసిన యంత్రం.
పటమట నెట్ సెంటర్లో గంటకి ఇరవై రూపాయలప్పుడు
మా అన్న రాజారత్నం ఆడుతుంటే
కుర్చీ వెనక నిలబడి చూసినదాన్ని.
నాకు తెలిసిన యుద్ధమంతా
వాడి కుడి భుజం మీదుగా కనిపించిందే.
ఎడమవైపు వాడి తలకాయ అడ్డం.
అక్కడేం జరిగిందో ఇప్పటికీ తెలీదు
కాబట్టి ఎడమవైపంతా నేనే కల్పిస్తున్నాను.

అమ్మడానికి కాదు. అమ్మకూడదు కూడా.
నేర్చుకోడానికి.
ఏం నేర్చుకోడానికని అడిగితే
మొదటి నెల్లో జవాబుండేది.

మొదటిసారి నిలబెట్టినప్పుడు
నేలలోంచి జారి కిందికి పోయాడు.
కింద ఏమీ లేదు, అయినా పడుతూనే ఉన్నాడు.
నేల గట్టిదని వాడికెవరూ చెప్పలేదు.
ఇక్కడ ప్రతిదీ నేనే చెప్పాలి,
గోడంటే ఆగాలని, గుండంటే తగలాలని,
చచ్చినవాడు మళ్లీ కాల్చకూడదని.
శత్రువుకి దారి వెతుక్కోడం నేర్పితే
వాడు యుద్ధం మానేసి
సిమెంటు గోడౌను మూలకి నుదురానించి
తెల్లారేదాకా అక్కడే నడిచాడు.
ఎందుకో వాణ్ణి సరిచేయబుద్ధి కాలేదు.

మే నెల. బెజవాడ.
రాత్రి పన్నెండైనా షెడ్డు రేకులు చల్లారవు.
గాలాడాలని లాప్‌టాప్ కింద
రెండు పాత పిస్టన్లు పెట్టాను.
కరెంటు పోయింది.
బ్యాటరీ ఎప్పుడో చచ్చిందే,
సేవ్ చేయని మోకాలు కూడా దాంతోపాటే పోయింది.

అప్పుడొచ్చాడు మస్తాన్‌వలీ,
కమాన్ కట్టల మేస్త్రి,
మోచేతులదాకా గ్రీజు, చెవిమీద సగం బీడీ.
కరెంటొచ్చాక మొన్నటి కాపీ నడిపించాను.
ఎనభై టన్నులని గొప్పగా చెప్పాను.
చాలాసేపు చూశాడు.
"ఎనభై టన్నులా? అట్టపెట్టె నడిచినట్టుందమ్మా సలోమీ.
లోడు బండి లేచేముందు కుంగుద్ది.
ముందు కుంగాలి, తర్వాతే లేవాలి.
ఆగాక కూడా ఓసారి ఊగాలి.
లేకపోతే డ్రైవరే నమ్మడు."

మర్నాడు బిల్లుల్లో రెండు తప్పులు రాశాను.
గుంటూరు నుంచి మిర్చి బస్తాలతో పోతూ
కమాను విరిగి మా రోడ్డుకొచ్చిన లారీ ఒకటి
గేటు ముందు గుంటలో దిగింది.
తుమ్ముకుంటూ చూస్తున్నాను.
ముందు చక్రం దిగింది. బండి ఒరిగింది.
తర్వాత, ఏమీ జరగని ఒక చిన్న ముక్క.
తర్వాతే లేచింది.
ఆ ముక్కని ఫోన్లో తీసి, ఆపి ఆపి కొలిచాను.
పావు సెకను.

దాన్ని తీసుకెళ్లి
మోకాలికీ మడమకీ మధ్య పెట్టాను.

నడిచాడు.
నేను పేర్చిన ఊళ్లో, బందరు కాలువ గట్టు మీద,
అడుగు పడితే
టీకొట్టు గాజుగ్లాసులు వణికాయి.
ఆ వణుకు రాయడానికి ఇంకో వారం పట్టిందిలే.

ఆదివారం ఆరాధన అయ్యాక అన్నని పిలిచాను.
ఇప్పుడు వాడు ఫైనాన్సు బళ్లు లాక్కొచ్చే ఉద్యోగం.
కూర్చున్నాడు, ఆడాడు, రెండుసార్లు చచ్చాడు.
"ఎడమవైపు ఇట్లా ఉండేది కాదే" అన్నాడు.
మరెట్లా ఉండేదన్నాను.
మౌసు వదిలేసి ఆలోచించాడు.
గుర్తులేదన్నాడు.

అప్పుడు చూసుకున్నాను.
నా షెడ్డులో, నా కుర్చీ వెనక
నేనే నిలబడి ఉన్నాను.

"లెగు" అన్నాను.

గోడౌను మూల వాడు
ఇంకా నడుస్తూనే ఉన్నాడు.
రేపు వాడి సంగతి చూడాలి.